కాలువ గట్టున నీలం ట్రక్కు

పోయిన వారం మిమ్మల్ని కాలువ గట్టు మీద ఎండలో నిలబెట్టి వెళ్ళిపోయాను. ఈస్టర్ ముందు మా ఊరు ఎల్ సౌసాల్‌లో వీచే గాలికి మీ కళ్ళలో ఇంత ఇసుక కూడా పడే ఉంటుంది. తుడుచుకోండి. ఏమీ మారలేదు. మా చెల్లెలు డెల్ఫినా ఇంకా ఆ ట్రక్కులోనే కూర్చుని ఉంది, లోపల గడియ వేసుకుని. ఊళ్ళో మగాళ్ళంతా పారల మీద గడ్డాలు ఆనించుకుని ఆమెనే చూస్తున్నారు.

కొత్తగా వచ్చి చేరినవాళ్ళకి రెండు ముక్కల్లో చెబుతాను. నది నుంచి మా కాలువకి నీళ్ళు వదిలే ముందు ఏటా ఊరంతా కలిసి కాలువ బాగుచేసుకోవాలి. ఇంటికొకరు పార పట్టుకుని రావాలి. పోయినేటి ఒండ్రు, ఎండిన కొమ్మలు, కంపలు, ఎవరో పారేసిన చెప్పులు, అన్నీ తోడి గట్టు మీద పోయాలి. ఎవరి పొలం పక్కన కాలువకి అడ్డం ఉంటే వాళ్ళకి ఆ వేసవి నీటి వంతు లేదు. ఇది మా తాతల తాతలు పెట్టిన కట్టుబాటు. ఇప్పుడు కాలువ పెద్ద అన్సెల్మో. మా చెల్లెలి మొగుడు కాసిమిరోకి పినతండ్రి కొడుకు. సొంత తల్లి అడ్డం పడుకున్నా వంతు తీసేసే రకం.

కాసిమిరో పోయి ఆరేళ్ళయింది. ఆయన నీలం ట్రక్కు, వెనక తొట్టి ఉన్నది, ఆయన ఆఖరిసారి ఆపిన చోటే ఉంది. అంటే కాలువ గట్టు మీద. మొదట గట్టు మీదే ఉండేది. మెల్లగా వెనక చక్రాలు గట్టులోకి దిగాయి, తర్వాత కాలువలోకి దిగాయి. ఇప్పుడు నీళ్ళు దాని పక్క నుంచి వేలెడు దారిన పోతాయి. కాలువ చివర ఉన్నది డెల్ఫినా కింది పొలం ఒక్కటే, అదీ బీడు, అందుకని ఇన్నాళ్ళూ ఎవరూ పట్టించుకోలేదు. ఈ ఏడు ఆమె మనవరాలు మారిసేలా అల్బుకర్కీ పట్నంలో పళ్ళ డాక్టరు దగ్గర ఉద్యోగం మానుకుని వచ్చింది. కింది పొలంలో మిరప వేస్తానంటోంది. దున్నింది, మళ్ళు కట్టింది, చేతులు బొబ్బలెక్కించుకుంది. ఇక కావలసింది నీళ్ళు. మధ్యాహ్నంలోగా ట్రక్కు కదిలితే వంతు ఉంటుంది, లేకపోతే లేదు. ఈ వేసవి నీళ్ళు రాకపోతే ఆ పిల్ల మళ్ళీ వెళ్ళి జనం పళ్ళు తోముతుంది.

అదండీ సంగతి. ఇప్పుడు గట్టు మీదికి రండి.

"పెద్దొదినా," అన్నాడు అన్సెల్మో నా దగ్గరికొచ్చి, టోపీ వెనక్కి తోసుకుంటూ. "నువ్వు చెబితే వింటుంది."

"అది నా మాట ఎప్పుడు వింది? పుట్టేటప్పుడే ఎదురుకాళ్ళతో పుట్టింది. మంత్రసాని ఏడ్చింది."

"మరి నన్నేం చెయ్యమంటావు? గొలుసు తగిలించి మనిషితో సహా లాగమంటావా?"

"లాగు. నాకు మంచి కాలక్షేపం."

"పెద్దనానమ్మా!" అంది మారిసేలా. దాని ముఖం చూసేసరికి నేను నవ్వడం ఆపేశాను. పొద్దున్నుంచీ అది పార దించలేదు. ట్రక్కు చుట్టూ ఉన్న ఒండ్రుని, చక్రాల కింద పార పట్టినంత మేరా, ఒక్కతే తోడేసింది. వాళ్ళ నానమ్మ అద్దంలోంచి చూస్తూనే ఉంది.

నేను ఇంటికెళ్ళాను. ఉపవాస దినాల్లో చేసుకునే తియ్యరొట్టె పొయ్యి మీద ఉంది: ఎండిన రొట్టె ముక్కలు, బెల్లం పాకం, ఎండుద్రాక్ష, పైన చీజు. గిన్నె నిండా పెట్టుకుని, గుడ్డ కప్పి, మళ్ళీ గట్టెక్కాను. మోకాళ్ళు నన్ను తిట్టుకున్నాయి. నేను డెల్ఫినాని తిట్టుకున్నాను.

అద్దం మీద తట్టాను. వేలెడు కిందికి దిగింది.

"తలుపు తియ్యవే."

"తియ్యను."

"తినడానికి తెచ్చాను."

"తెలుస్తోంది. దాల్చినచెక్క ఎక్కువేశావు."

"తినకుండానే వంకా? అయితే మగాళ్ళకి పెట్టేస్తా. అన్సెల్మో! ఇలా రా!"

గడియ టక్కుమంది. అన్సెల్మోకి మా ఇంటి వంట దక్కడమంటే మా చెల్లెలికి ఒంటికి పడదు, అది నా చేతి వంటైనా సరే. తలుపు కొంచెం తెరిచి చెయ్యి బయటికి చాపింది. నేను గిన్నెకి బదులు నా నడుం లోపలికి తోశాను. అంత లావు నడుం దేవుడు ఊరికే ఇవ్వడు.

"ఆగు, ఆగు! అక్కడ కాదు, ఆయన టోపీ ఉంది!"

నిజంగానే సీటు మధ్యలో కాసిమిరో గడ్డి టోపీ ఉంది, దుమ్ము పట్టకుండా పల్చటి ప్లాస్టిక్ కాగితం కప్పుకుని. నేను తలుపుకి అంటుకుని ఒంటి పిర్ర మీద కూర్చున్నాను. లోపల ఎలుక వాసన, పాత నూనె వాసన. అద్దానికి జపమాల వేలాడుతోంది. డెల్ఫినా స్టీరింగు వెనక కూర్చుంది. కాసిమిరో పొడుగు మనిషి, సీటు ఆయన కాళ్ళకి తగ్గట్టు వెనక్కి ఉంది. ఇది ఆరేళ్ళలో దాన్ని ముందుకి జరుపుకోలేదు. కాళ్ళు కిందికి అందక చిన్నపిల్లలా ఆడిస్తోంది. డెబ్భై దాటిన మనిషి!

"గిన్నె ఇవ్వు."

ఇచ్చాను. తింది. ఎంత మొండితనం చేసినా ఆకలి ఆకలే కదా. తింటూ ఉండగా అసలు సంగతి ఎత్తాను.

"ఆ పిల్లకి ఏం సమాధానం చెబుతావే?"

"ఏ పిల్లకి?"

"పొద్దున్నుంచీ నీ చక్రాల కింద మట్టి తోడుతున్న పిల్లకి."

"నేను తోడమన్నానా? వాళ్ళ నాన్న లాంటిదే. అడక్కుండా తవ్వేస్తారు."

వాళ్ళ నాన్నంటే ఎలోయ్, డెల్ఫినా ఒక్కగానొక్క కొడుకు. తండ్రి పోయిన వారానికే ట్రాక్టరు తెచ్చాడు, ఈ ట్రక్కు లాగి గట్టు సరిచేద్దామని. ఇది ట్రాక్టరు ముందు నిలబడింది. "అమ్మా, నీకు నాన్న కావాలా, నాన్న ఇనుము కావాలా?" అన్నాడు వాడు. ఇది ఊరందరి ముందూ చెంప పగలగొట్టింది. అప్పటినుంచి వాడు ఎస్పనోలాలో రోడ్లు చదును చేసే బండి నడుపుకుంటూ ఉన్నాడు. ఈ గుమ్మం తొక్కలేదు. ఇది రమ్మనలేదు. ఇద్దరిదీ ఒకే పుర్రె.

"ఈ బండి ఆయన ఇక్కడ పెట్టాడు," అంది డెల్ఫినా, చెంచా గాల్లో ఆడిస్తూ. "ఆయన చేత్తో ఆపాడు. ఆయన ఆపిన చోట ఉంటుంది. ఇందులో మీకు అర్థం కానిదేముంది?"

ఇక నా ఓపిక అయిపోయింది.

"నేనున్నానే అక్కడ, ఆపినప్పుడు! నువ్వు లేవు. నువ్వు లోపల చిక్కుళ్ళు ఏరుకుంటున్నావు. నేను మీ ఇంటికి గుమ్మడికాయ పట్టుకుని వస్తున్నా. వరదకి గట్టు తెగింది. వేరే ఏం దొరక్క ఈ బండిని వెనక్కి నడిపి గండికి ఆనించాడు. 'అక్కయ్యా, ఈ వారం ఆగనీ, రాళ్ళు తెచ్చి పేర్చి దీన్ని తీసేస్తా. ఎవరైనా చూస్తే నవ్విపోతారు' అన్నాడు. గుమ్మడికాయ నా చేతిలోంచి తీసుకుని సంకలో పెట్టుకున్నాడు కూడా. ఈ వారం అన్నాడే! చిరుగుకి వేసిన మాసికని నువ్వు గుడి చేసి కూర్చున్నావు. ఏటా కాలువ బాగుచేసేటప్పుడు ఇక్కడికి రాగానే మగాళ్ళు ఏమనుకుంటున్నారో తెలుసా? 'కాసిమిరో అడ్డం' అంటున్నారు. కాలువకి ఒక్క రోజు ఆలస్యంగా రాని మనిషి, ఆయన పేరు ఇప్పుడు అడ్డానికి పెట్టారు!"

చెంచా గిన్నెలో పడింది. ఎక్కువే అన్నాననుకుంటా. కానీ ఆరేళ్ళుగా నమిలి మింగుతున్న మాట అది.

డెల్ఫినా గిన్నె పక్కన పెట్టి గుడ్డ కప్పింది. బయట ఎవరో దగ్గారు. గాలి వచ్చి ట్రక్కుని ఒకసారి ఊపింది.

"బండి కోసం కాదక్కా," అంది చివరికి, అద్దంలోంచి కింది పొలం వైపు చూస్తూ.

"మరి?"

దాని చెయ్యి తనకి తెలియకుండానే టోపీ మీదికి వెళ్ళింది. దాని చేతుల్ని అది ఉయ్యాల్లో ఉన్నప్పటినుంచి నేను చూస్తున్నాను. ఆ చెయ్యి టోపీని నిమరడం లేదు, కిందికి నొక్కుతోంది.

నేను టోపీ ఎత్తేశాను.

"అక్కా!"

కింద పొగాకు డబ్బా ఉంది. కాసిమిరో జేబులో పెట్టుకునే చపటా రేకు డబ్బా. ఆడిస్తే చప్పుడయింది, ఎండుటాకుల మీద వాన చినుకుల్లాగా. ఆ చప్పుడు మా ఊళ్ళో పుట్టినవాళ్ళెవరికైనా తెలుస్తుంది.

"ఇవి మిరప గింజలు."

"ఇలా ఇవ్వు."

"ఇవి మన మిరప గింజలు! కాసిమిరో వాళ్ళ తాత నాటినుంచి వస్తున్నవి! ఎలుకలు తినేశాయని చెప్పావు. ఆ పిల్ల వచ్చి బతిమాలితే ఎలుకలన్నావు. మొన్న ఆదివారం ప్రార్థనకి ముందు, చేతిలో జపమాల పట్టుకుని, ఎలుకలన్నావు!"

"ఆయన చేత్తో ఒలిచాడక్కా." డబ్బా కోసం చెయ్యి చాపింది. "పోయే ముందు ఆ శరదృతువులో. వరండాలో కూర్చుని, కాయ చీరి, బొటనవేలితో. ఆ వేలు మండి కన్ను నలుపుకున్నాడు, ఒకటే తిట్లు. ఆ గింజలే ఇవి. ఆదివారం ఆదివారం వచ్చి ఇక్కడ కూర్చుంటా. డబ్బా ఆడిస్తా. తెరవను. చప్పుడు చాలు నాకు. అది నాటితే? పండితే, తింటే, అయిపోతుంది. మళ్ళీ గింజలు వస్తాయి, కాదనను. కానీ అవి ఆ పిల్ల ఒలిచినవి అవుతాయి. ఆయనవి కావు. కింది పొలానికి నీళ్ళొస్తే ఎవరో ఒకరు నన్ను అడిగి అడిగి ఇవి బయటికి లాగుతారు. నీళ్ళు రాకపోతే అడగరు."

విన్నారా? బండి నీళ్ళకి అడ్డం, ఎండిన పొలం గింజలకి అడ్డుగోడ. ఒక మనిషి తన దుఃఖానికి ఇంత కట్టుదిట్టంగా కాపలా పెట్టుకోవడం నేనెక్కడా చూడలేదు. దాన్ని దగ్గరికి తీసుకోవాలనిపించింది, రెండు మొట్టికాయలు వెయ్యాలనిపించింది. స్టీరింగు అడ్డం ఉండి రెండూ కుదరలేదు.

"పిచ్చిమొహమా, మిరప గింజ ఎన్నాళ్ళు బతుకుతుందే?"

ముఖం పక్కకి తిప్పుకుంది.

"చెప్పు. మన నాన్న కూతురివేగా. చెప్పు."

"రెండేళ్ళు."

"ఇంకా?"

"చల్లగా ఉంటే మూడు."

"ఈ రేకు పెట్టెలో, వేసవిలో నిప్పుల కుంపటిలా ఉండే ఈ ట్రక్కులో, ఆరేళ్ళు! గింజని దాచుకోవాల్సింది డబ్బాలో కాదే, నేలలో. ఏ ఏటికాయేడు నాటి ఏ ఏటికాయేడు ఒలుచుకుంటూ పోతేనే కదా వాళ్ళ తాత గింజ ఆయన దాకా వచ్చింది. ఆయన దాకా వచ్చినదాన్ని నువ్వు ఇక్కడ కూర్చుని, ప్రేమగా, ఆదివారం ఆదివారం, చంపేశావు."

అన్నాక నాలుక కరుచుకున్నాను. అది ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. డబ్బా నా చేతిలోంచి తీసుకుని చెవి దగ్గర పెట్టుకుని ఒక్కసారి ఆడించింది. వినవలసినంత వింది. తర్వాత డబ్బా నాకే ఇచ్చేసి, టోపీ మీది ప్లాస్టిక్ కాగితం తీసి, టోపీ తన తల మీద పెట్టుకుంది. కనుబొమలు దాటి ముక్కు మీదికి దిగిందది.

"పద," అంది.

తలుపు తీసి గట్టు మీదికి దిగింది. అందరూ పారలు సర్దుకుని నిలబడ్డారు.

"ఏమిట్రా చూస్తున్నారు?" అంది అన్సెల్మోతో. "గొలుసు తెచ్చావా, ఊరికే టోపీ సవరించుకోవడానికొచ్చావా? లాగు! గట్టుకి రాళ్ళు ఏవీ? బండి లాగాక గండిలో నిన్ను పడుకోబెడతానా?"

"రాళ్ళు ఆరేళ్ళుగా మా దొడ్లో ఉన్నాయి వదినా," అన్నాడు అన్సెల్మో. "అన్నయ్య చెప్పి ఉంచాడు."

డెల్ఫినా టోపీ ముక్కు మీదికి ఇంకొంచెం లాక్కుంది.

అన్సెల్మో ట్రాక్టరుకి తగిలించిన గొలుసు బిగిసింది. ట్రక్కు మొదట కదలనంది. తర్వాత ఒండ్రులోంచి చక్రం ఊడొచ్చిన చప్పుడు అయింది, పెద్ద పశువు బురదలోంచి కాలు లాగినట్టు. గట్టు మీదికి ఎక్కింది, ఒక పక్కకి ఒరిగి నిలబడింది. దాని కింద నల్లటి తడి మట్టి, ఎండ చూడక ఎన్నాళ్ళయిందో. మారిసేలా అందులోకి దూకింది. మగాళ్ళు దాని వెనక దూకారు. రాళ్ళు వచ్చాయి. వంటలు తెచ్చిన ఆడవాళ్ళం కూడా చిన్న రాళ్ళు అందించాం. అన్సెల్మో కొలకర్ర పట్టుకుని కాలువ వెడల్పు చూశాడు, అటు చూశాడు, ఇటు చూశాడు, ఏదైనా వంక దొరుకుతుందేమోనని ఇంకోసారి చూశాడు.

"బాగుంది," అన్నాడు. "కింది పొలానికి వంతుంది. రేపు పొద్దున తూము ఎత్తుతున్నా."

మారిసేలా గట్టెక్కి వాళ్ళ నానమ్మ ముందు నిలబడింది. మోకాళ్ళ దాకా బురద. పార రెండు చేతులా పట్టుకుంది. డెల్ఫినా టోపీ అంచు పైకెత్తి దాన్ని చూసింది.

"అక్కా, ఆ డబ్బా దానికివ్వు. మొలకెత్తవు. అయినా దానికే ఇవ్వు. చూసుకుని పారేస్తుంది."

"పారేయడం ఎందుకు, తడిగుడ్డలో కట్టి పొయ్యి వెనక పెడదాం," అన్నాను నేను. "ఒకటో అరో బతికి ఉంటే దేవుడి దయ." అని గోటితో డబ్బా మూత పైకి లేపాను.

ఎండ నేరుగా లోపల పడింది.

నాకు చదువు లేదు. ఉత్తరం వస్తే పక్కింటావిడ చదివి పెడుతుంది. కానీ మిరప గింజ నేను చూడగానే చెబుతాను. పాతబడ్డ గింజ కాఫీ రంగుకి తిరుగుతుంది, చేత్తో నొక్కితే పెళుసుగా విరుగుతుంది. ఆ డబ్బాలోవి లేత పసుపు, అప్పుడే గీసిన నిమ్మ తొక్కలా. ఒకటి నాలుక మీద వేసుకున్నాను. మొదట ఏమీ లేదు, తర్వాత తియ్యన, ఆ తర్వాత మంట ఎక్కడో చెవుల వెనక నుంచి వచ్చింది. కాసిమిరో మిరప అంతే, ఆలస్యంగా వస్తుంది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"ఇవి పోయినేటివి," అన్నాను.

"ఏవి?"

"ఈ గింజలు. పోయిన శరదృతువులో ఒలిచినవి. మన గింజలే, కానీ కొత్తవి."

డెల్ఫినా డబ్బా లాక్కుంది. చూసింది. వేలితో కెలికింది. దాని ముఖం ఎర్రబడింది. సంతోషంతో అనుకుంటున్నారేమో, మా చెల్లెలు మీకింకా అర్థం కాలేదన్నమాట.

"దొంగ!" అని అరిచింది. "నా బండిలో దొంగ పడ్డాడు! ఆయన గింజలు ఎత్తుకుపోయి వేరేవి పెట్టాడు! ఎవడ్రా? అన్సెల్మో, నువ్వేనా?"

"నాకేం పని వదినా? నేను టమాటాలు వేస్తా!"

"తాళం నా మెళ్ళో ఉంది! ఆరేళ్ళుగా నా మెళ్ళోనే ఉంది!" మెడలో గొలుసు బయటికి లాగి అందరికీ చూపించింది, రైతుల్ని కాచే పునీతుడు ఇసిద్రో పతకం పక్కన తాళంచెవి, దాని తలకి ఎర్ర తీగ చుట్టి ఉంది. చీకట్లో చేతికి తెలియాలని కాసిమిరో చుట్టిన తీగ.

ఆ ఎర్ర తీగ చూడగానే ఒకడుగు ముందుకేశాను. అలాంటిదే ఇంకొకటి నేను చూశాను. ఈ మారిసేలా పట్టా పుచ్చుకున్న రోజు విందులో, కారు డిక్కీ తీసి సోడాలు దించుతూ ఒకతను తాళాల గుత్తి నా చేతికిచ్చాడు, "కొంచెం పట్టుకో పెద్దమ్మా" అని. గుత్తిలో ఒక తాళంచెవికి ఎర్ర తీగ చుట్టి ఉంది. ఈ ట్రక్కు మీదే డ్రైవింగు నేర్చుకున్నవాడు కదా, రెండో తాళం ఉంచుకున్నాడనుకున్నానే తప్ప ఎందుకని అడగలేదు.

నేను నోరు తెరిచేలోగా మారిసేలా పార మట్టిలో గుచ్చింది.

"దొంగ కాదు నానమ్మా. దొంగైతే పట్టుకుపోతాడు, ఏటా నాటి, కొత్తవి ఒలిచి, మళ్ళీ నింపి పెట్టడు."

అన్సెల్మో టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"నేను మొదట నాన్ననే అడిగాను, గింజలిమ్మని. నేనివ్వను, మీ నానమ్మ చేతి నుంచే తీసుకో, ఎప్పుడు డబ్బా తెరిచినా అవి బతికే ఉంటాయి అన్నాడు." వాళ్ళ నానమ్మ కళ్ళలోకే చూస్తూ చెప్పింది. "రేపు తూము ఎత్తగానే కింది పొలంలో నీళ్ళు మడి నుంచి మడికి మళ్ళించి మడవ కట్టడానికి నాకింకో మనిషి కావాలి. రమ్మన్నాను. వస్తానన్నాడు. ఇక గట్టు మీంచి చాటుగా రానన్నాడు నానమ్మా, మన పెరట్లోంచే వస్తానన్నాడు. పెరటి గేటుకి ఆరేళ్ళుగా తాళం వేసి ఉంది."

డెల్ఫినా ఒక చేత్తో డబ్బా పట్టుకుని ఉంది. రెండో చెయ్యి మెడలో గొలుసు మీదికి వెళ్ళింది. ఇసిద్రో పతకం, ట్రక్కు తాళం, వాటి వెనక తుప్పు పట్టిన చిన్న గేటు తాళంచెవి, మూడూ ఆ గుప్పిట్లోనే ఉన్నాయి. ఆ గుప్పిట ఇంకా బిగిస్తోందో, తెరవబోతోందో, దాన్ని ఉయ్యాల్లో ఊపిన నాకు కూడా తెలియలేదు.